ప్రాసెసర్ మీది తెల్ల పేస్టు, మా చిన్నబాపు పెట్రోలు

2020 మే నెల. లాక్‌డౌన్ రోజులు. హన్మకొండలో మా ఇంట్లో మధ్యాహ్నం రెండింటికి గోడ ముట్టుకుంటే చెయ్యి కాలేది. నేను ఉద్యోగంలో చేరి అప్పటికి ఏడాది కూడా కాలేదు, ఇంకా ప్రొబేషనే. ఆఫీసు లాప్‌టాప్ నాదాకా రాలేదు కాబట్టి బీటెక్ మొదటేడులో కొన్న అసెంబుల్డ్ డెస్క్‌టాప్ మీదే వీపీఎన్ పెట్టుకుని పని నెట్టుకొస్తున్నా. అదేమో రోజుకి నాలుగైదుసార్లు చెప్పాపెట్టకుండా ఆగిపోవడం మొదలెట్టింది. బయోస్‌లోకి వెళ్ళి చూస్తే, ఏ పనీ చెయ్యకుండానే ప్రాసెసర్ 80 డిగ్రీలు దాటి కూర్చుంది. రెండుసార్లు కాల్ మధ్యలో మాయమయ్యాక మా మేనేజర్ "అంతా ఓకేనా?" అని మర్యాదగా అడిగారు. ప్రొబేషన్‌లో ఉన్నవాడికి ఆ మర్యాద ఎంత భయమో మీకు తెలియంది కాదు.

సలహాలకేం కొదవ? గంటలో నాలుగొచ్చాయి. మా చిన్నబాపు ఒకప్పుడు చౌరస్తా దగ్గర రేడియోలు, టీవీలు, స్టెబిలైజర్లు బాగుచేసేవాడు. "గా పేస్టు ఎండిపోయినట్టుందిరా. ఇప్పి, పెట్రోలుల ముంచిన గుడ్డతోని తుడిచి కొత్తది పెట్టు" అన్నాడు. నా పాత రూమ్మేటు ఫోన్లో "పెట్రోలా? పిచ్చా నీకు? ఐపీఏ తప్ప ఇంకేదీ ముట్టుకోకు" అన్నాడు (ఐపీఏ అంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్). మా సీనియర్ ఒకాయన "మూలలు జాగ్రత్త తమ్ముడూ, కోర్ పెచ్చు లేచిందంటే అయిపోయినట్టే" అన్నారు. ఇంటర్నెట్‌లో ఓ అమెరికా ఆయన కాఫీ ఫిల్టర్‌తో తుడవమన్నాడు. మా ఇంట్లో కాఫీ ఫిల్టరంటే స్టీలుది, అదీ ఎవరో పెళ్ళిలో చదివించింది. మేం తాగేది చాయ్ :)

నేను అందరి మాటా విని, ఎవరూ చెప్పని తప్పు చేశా. మిషన్ చల్లగా ఉండగానే క్లిప్పులు తీసేసి కూలర్‌ని నిట్టనిలువునా పైకి లాగా. 'టక్' మని వచ్చింది. కూలర్‌తో పాటు ప్రాసెసర్ కూడా వచ్చేసింది. సాకెట్ లీవర్ వేసింది వేసినట్టే ఉంది, ప్రాసెసర్ మాత్రం కూలర్ అడుగున బంకలా అతుక్కుని వేలాడుతోంది. తిప్పి చూస్తే ఓ మూల పదో పన్నెండో పిన్నులు పక్కకి ఒరిగిపోయి ఉన్నాయి. మా ఊళ్ళో వేయిస్తంభాల గుడి కల్యాణమండపాన్ని 2006లో రాయి రాయిగా విప్పారు. మళ్ళీ నిలబెట్టి తెరిచేసరికి 2024 మార్చి అయ్యింది. విప్పడం తేలిక అని వరంగల్ వాడెవడూ అనకూడదు, నేను అన్నా.

ఆ రాత్రి నిద్ర పట్టక ఈ పేస్టు గురించి దొరికిందల్లా చదువుతూ కూర్చున్నా. తర్వాత కూడా అడపాదడపా చదువుతూనే ఉన్నా. చివరికి నాకు అర్థమైందేమిటంటే, ఆ నాలుగు సలహాల్లో ఒక్కటీ తప్పు కాదు. కాకపోతే ఒక్కొక్కటీ ఒక్కో కాలపు యంత్రం కోసం పుట్టిన సలహా. నా ప్రాసెసర్ ఏ కాలానిదో నేను అడగలేదు, అంతే.

ముందు అసలీ పేస్టు ఎందుకో రెండు ముక్కల్లో. ప్రాసెసర్ పైభాగం, కూలర్ అడుగుభాగం మన కంటికి అద్దంలా నున్నగా కనపడతాయి కానీ సూక్ష్మంగా చూస్తే రెండూ గుట్టలూ లోయలే. ఒకదాని మీద ఒకటి పెడితే గుట్టలు గుట్టల్ని తాకుతాయి, లోయల్లో గాలి మిగిలిపోతుంది. వేడిని మోయడంలో గాలంత బద్ధకస్తురాలు ఇంకోటి లేదు. వాహకత లెక్కల్లో రాగి 400 అయితే అల్యూమినియం 200 పైచిలుకు, గాలి 0.026. ఆ లోయల్ని నింపే మామూలు తెల్ల పేస్టు విలువ ఒకటికి అటూఇటూ. రాగితో పోలిస్తే ఏ మూలకీ రాదు, గాలితో పోలిస్తే మాత్రం ముప్ఫై రెట్లు పైనే. అంటే ఇది వేడిని లాగే మందు కాదు, గాలిని బయటికి తోసే పుట్టీ. అందుకే మందంగా పూస్తే నష్టం. పాతదాన్ని గీకకుండా దాని మీదే కొత్తది పూస్తే ఇంకా నష్టం.

ఈ పేస్టు కంప్యూటర్ల కోసం పుట్టలేదు. దీని మూలాలు రెండో ప్రపంచ యుద్ధంలో ఉన్నాయి. బాగా ఎత్తున ఎగిరే విమానాల ఇంజన్లలో ఇగ్నిషన్ దగ్గర తేమ చేరి కరెంటు లీకయ్యేది. దాన్ని ఆపడానికి వేడికి కరగని, చలికి గడ్డకట్టని ఒక గ్రీజు కావాల్సొచ్చింది. 1943లో అమెరికాలో పెట్టిన డౌ కార్నింగ్ కంపెనీ మొదటి సరుకు అదే, సిలికోన్ నూనెతో చేసిన గ్రీజు. యుద్ధం అయిపోయింది, ట్రాన్సిస్టర్లు వచ్చాయి. పవర్ ట్రాన్సిస్టర్లు విపరీతంగా వేడెక్కేవి. వాటిని అల్యూమినియం హీట్‌సింక్‌కి బిగించేటప్పుడు మధ్యలో గాలి ఉండకూడదు. అదే సిలికోన్ నూనెలో జింక్ ఆక్సైడ్ పొడి కలిపితే వేడి పోతుంది, కరెంటు పోదు. ఇదే మన తెల్ల పేస్టు. రిపేరు షాపుల్లో ఇప్పటికీ దాని పేరు 'హీట్‌సింక్ కాంపౌండ్'.

మా చిన్నబాపు షాపులో ఉన్నది ఆ లోకం. ఆంప్లిఫయర్లలో, స్టెబిలైజర్లలో 2ఎన్3055 అనే ఇనప డబ్బీ లాంటి ట్రాన్సిస్టర్ ఒకటుండేది. దాని కింద పల్చని అభ్రకం రేకు, రేకుకి రెండు పక్కలా తెల్ల పేస్టు, ఆ కింద హీట్‌సింక్. అభ్రకం కరెంటుకి అడ్డం, పేస్టు వేడికి దారి. (అభ్రకమంటే మన తెలుగువాళ్ళకి గూడూరే గుర్తొస్తుంది. ఆ రోజుల్లో ఎలక్ట్రానిక్స్‌కి అభ్రకం లేందే పూట గడిచేది కాదు.) ఇప్పుడు పెట్రోలు సంగతి చూడండి. ఆ డబ్బీ మొత్తం లోహం. ప్లాస్టిక్ లేదు, పిన్నులు రెండే, పగిలేది ఏమీ లేదు. పైగా సిలికోన్ నూనెని కరిగించడంలో ఆల్కహాల్ కంటే పెట్రోలు జాతి ద్రావకాలే మెరుగు. ఆల్కహాల్ నిజానికి ఆ నూనెని పెద్దగా కరిగించదు, వదులు చేస్తుంది. మిగతా పని మన గుడ్డ చేస్తుంది. కాబట్టి 1980ల్లో చిన్నబాపు చెప్పింది రసాయనశాస్త్రం ప్రకారం నూటికి నూరుపాళ్ళూ సబబు. అదే పెట్రోలు మదర్‌బోర్డ్ మీద ప్లాస్టిక్ సాకెట్ల మధ్య, మే నెలలో, తలుపులేసిన గదిలో అయితే కథ వేరు.

మరి అప్పట్లో కంప్యూటర్లు వేడెక్కేవి కావా అంటే, భేషుగ్గా వేడెక్కేవి. కాకపోతే ఆ వేడి మనలాంటి వాళ్ళ చేతికి వచ్చేది కాదు. వరంగల్‌లో ఆర్‌ఈసీకి 1959 అక్టోబరులో నెహ్రూ శంకుస్థాపన చేశారు (2002లో అదే ఎన్‌ఐటీ అయ్యింది). ఆ మరుసటేడు బొంబాయి టీఐఎఫ్‌ఆర్‌లో పని మొదలెట్టిన టిఫ్రాక్ కంప్యూటర్లో సుమారు 2,700 వాక్యూమ్ ట్యూబులు. ఒక్కొక్కటీ ఓ చిన్న బల్బే అనుకోండి. ఏసీ లేకపోతే ఆ గదిలో మనిషి నిలబడలేడు. 1967లో హైదరాబాద్‌లో మన ఏ.ఎస్. రావుగారి చేతుల మీదుగా ఈసీఐఎల్ మొదలైంది. రెండేళ్ళు తిరక్కుండా టీడీసీ-12 తయారు చేశారు. పశ్చిమగోదావరి మోగల్లు నుంచి వచ్చిన ఆ పెద్దాయన పేరు ఇప్పుడు చాలామందికి ఏఎస్ రావు నగర్ బస్సు బోర్డు మీద మాత్రమే తెలుసు. అది వేరే కడుపుమంట, ఇంకోసారి రాస్తా.

అమెరికాలో ఐబీఎం వాళ్ళు 1980 నాటి 3081 యంత్రంలో పేస్టు కూడా వాడలేదు. ఒక్కో చిప్పు నెత్తిన స్ప్రింగుతో నొక్కే ఒక అల్యూమినియం పిస్టన్, సందుల్లో గాలికి బదులు హీలియం, పైన నీళ్ళు పారే పళ్ళెం. 1985 క్రే-2ని అయితే ఏకంగా ఫ్లోరినర్ట్ అనే ద్రవంలో ముంచేశారు. ఇలాంటివి తుడవడం కంపెనీ ఇంజనీర్ల పని. మనకి దాని అవశేషం ఒకటే మిగిలింది: కంప్యూటర్ ల్యాబు బయట చెప్పులు విడవడం. మీలో ఎంతమంది లాబ్ బయట ఆ చెప్పుల గుట్టలో ఒక కాలిది పోగొట్టుకున్నారో చెయ్యెత్తండి. ఏసీ గదిలోకి దుమ్ము రాకూడదన్న మెయిన్‌ఫ్రేముల నాటి నియమం అది. పెంటియంలు వచ్చినా, చివరికి ఏసీ చెడిపోయి ఫ్యాన్లు తిరుగుతున్నా, మా ల్యాబులో చెప్పులు మాత్రం బయటే. కారణం పోయినా నియమం మిగిలిందన్నమాట. పేస్టు సలహాల కథా ఇదే.

పర్సనల్ కంప్యూటర్‌కి మొదట్లో ఈ బాధ లేదు. 1981 ఐబీఎం పీసీలోని 8088కి హీట్‌సింకే లేదు, 286కీ 386కీ కూడా మామూలుగా అక్కర్లేకపోయింది. 1992లో 486 డీఎక్స్2 66 మెగాహెర్ట్జ్ వచ్చినప్పటినుంచి నెత్తి మీద లోహపు ముక్క తప్పనిసరి అవుతూ వచ్చింది. 1993 మార్చిలో మొదటి పెంటియంలు 5 వోల్టుల మీద పదిహేను వాట్ల దాకా లాగి, ఫ్యాన్‌ని కూడా ఇంట్లోకి తెచ్చాయి. సరిగ్గా అప్పుడే మన దగ్గర అసెంబుల్డ్ యుగం మొదలైంది. 1984 కంప్యూటర్ విధానంతో దిగుమతులు కొంత సడలాయి, 1991 తర్వాత బాగా సడలాయి. ఇంకేముంది, సికింద్రాబాద్ సీటీసీ నుంచి మదర్‌బోర్డులు, ప్రాసెసర్లు రైలెక్కి మన ఊళ్ళకి వచ్చేశాయి. ఐబీఎం ఇంజనీరు చేసే పని హన్మకొండలో ఇరవయ్యేళ్ళ కుర్రాడు స్క్రూడ్రైవర్‌తో చెయ్యాల్సొచ్చింది. ఏ మాన్యువలూ లేకుండా, పక్క షాపువాణ్ణి చూసి.

2000 ప్రాంతంలో ఆ కుర్రాళ్ళకి అగ్నిపరీక్ష ఎదురైంది. పెంటియం 3లలో చాలావాటికి, ఏఎండీ అథ్లాన్, డ్యూరాన్‌లకి నెత్తి మీద మూత తీసేశారు. వేలిగోరంత సిలికాన్ ముక్క నగ్నంగా పైకి తేలి ఉండేది. గాజులాంటిది. దాని మీద పెద్ద కూలర్ పెట్టి, గట్టి స్ప్రింగు క్లిప్పుని స్క్రూడ్రైవర్‌తో కిందికి నొక్కి తగిలించాలి. కూలర్ ఓ పక్కకి వాలిందా, కోర్ మూల పెచ్చు లేస్తుంది. స్క్రూడ్రైవర్ జారిందా, మదర్‌బోర్డు గీతలు తెగుతాయి. దానికి తోడు కూలర్ సరిగ్గా ఆనకపోతే ఏమవుతుందో 2001లో టామ్స్ హార్డ్‌వేర్ వాళ్ళు వీడియో తీసి చూపించారు. నడుస్తున్న యంత్రం మీంచి కూలర్ తీసేస్తే పెంటియం 4 నెమ్మదించి బతికింది, అథ్లాన్ కాసేపట్లో పొగ వదిలి చచ్చింది. మా సీనియర్ చెప్పిన "మూలలు జాగ్రత్త" ఆ రోజుల నాటి మాట. ఆయన స్వయంగా ఒకటి పెచ్చు లేపాడట, హాస్టల్ వింగ్ మొత్తం చందాలేసుకుని కొన్నదాన్ని. ఇరవయ్యేళ్ళైనా ఆ మాట చెప్తుంటే గొంతు మారుతుంది.

ఇంకో తమాషా కూడా ఆ కాలానిదే. ఆ అథ్లాన్ల పైభాగంలో ఎల్1 అని చిన్న బంగారు చుక్కల వరస ఉండేది. తెగిపోయిన చుక్కల్ని మామూలు పెన్సిల్‌తో గీసి కలిపితే ప్రాసెసర్ తాళం ఊడి, ఇంకా వేగంగా నడపొచ్చు. తర్వాత పేస్టు మారుస్తూ శుభ్రంగా ఆల్కహాల్‌తో తుడిచారనుకోండి, గ్రాఫైట్ కూడా తుడిచిపెట్టుకుపోయి ప్రాసెసర్ మళ్ళీ పాత వేగానికే. శుభ్రం ఎక్కువైనా కష్టమే మరి.

ఇహ నా పిన్నుల దగ్గరికి వద్దాం. పెంటియం 4కి, 2003లో వచ్చిన అథ్లాన్ 64కి మళ్ళీ లోహపు మూత పెట్టారు. హమ్మయ్య, కోర్ భయం పోయింది. కానీ మూత పెద్దది, దాని మీద పేస్టు విస్తీర్ణం పెద్దది. ఏళ్ళ తరబడి వేడికి నూనె ఆరిపోయి అది సిమెంటులా పట్టేస్తుంది. పిన్నులు ప్రాసెసర్‌కే ఉండే ఆ రకం సాకెట్లలో వాటిని పట్టుకునేది పక్క లీవర్ ఒత్తిడి ఒక్కటే, పైనించి నొక్కిపట్టే చట్రం ఉండదు. కూలర్ బిగించి ఉంటే లీవర్ ఎత్తడానికి సందుండదు. ఇంక గట్టిగా లాగితే ఊడక ఏం చేస్తుంది? ఇంటెల్ 2004లో ఎల్‌జీఏ 775తో పిన్నుల్ని మదర్‌బోర్డులోకి మార్చి, ప్రాసెసర్ మీద చట్రం బిగించింది. ఏఎండీ మామూలు డెస్క్‌టాప్‌లలో పిన్నులు ప్రాసెసర్‌కే ఉంచి, 2022లో ఏఎం5 దాకా అలాగే కొనసాగింది. కాబట్టి ఇవాళ మీ ఇంట్లో ఉన్నది ఏఎం4 అయితే నా కథ మీకూ జరగొచ్చు.

దీనికి విరుగుడు చిన్నదే. విప్పేముందు పది పదిహేను నిమిషాలు కంప్యూటర్‌ని నడిపి వేడెక్కించాలి. మెషిన్ లేవకపోతే హెయిర్ డ్రయర్‌తో కూలర్ అడుగుభాగాన్ని వెచ్చబెట్టాలి. ఆపేసి, ప్లగ్ పీకి, కూలర్‌ని అటూ ఇటూ కొద్దికొద్దిగా తిప్పుతూ పోతే పేస్టు పట్టు వదులుతుంది. అప్పుడే పైకి ఎత్తాలి. గోళీసోడా మూత కాదు ఇది, ఊరగాయ జాడీ మూత.

తుడవడానికి ఏది వాడాలన్న దానికీ ఓ చరిత్ర ఉంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ని 1920లో అమెరికాలో స్టాండర్డ్ ఆయిల్ వాళ్ళు పెట్రోలియం శుద్ధిలో వృథాగా పోయే వాయువు నుంచి చెయ్యడం మొదలెట్టారు. పెట్రోకెమికల్స్ అన్నిటికీ అదే పెద్దక్క అంటారు. కానీ ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీల్లో దశాబ్దాల పాటు రాజ్యమేలింది సీఎఫ్‌సీ-113 అనే ద్రావకం. మండదు, ప్లాస్టిక్‌ని పెద్దగా ఏమీ చెయ్యదు, ఇట్టే ఆరిపోతుంది. పోతూ పోతూ ఓజోన్ పొరకి చిల్లు పెడుతుంది, అదొక్కటే లోపం. 1987 మాంట్రియల్ ఒప్పందంతో దాని రోజులు దగ్గరపడ్డాయి, మన దేశం 1992లో ఆ ఒప్పందంలో చేరింది. అది ఖాళీ చేసిన కుర్చీలో కూర్చున్న వాటిల్లో ఐపీఏ ఒకటి. మండడం దాని లోపం. దాని ఫ్లాష్ పాయింట్ సుమారు 12 డిగ్రీలు, అంటే అంతకు మించిన వేడిలో మూత తీసి ఉంచిన సీసా దగ్గర ఆవిరి నిప్పు తగిలితే అంటుకుంటుంది. మన వరంగల్‌లో 12 డిగ్రీలంటే సంక్రాంతి ముందు తెల్లవారుజాము. మే నెల మధ్యాహ్నం 44లో దేవుడి గదిలో అగర్బత్తి పక్కన ఈ పని పెట్టుకోకండి. కిటికీ తీసి, చుక్కలు గుడ్డ మీదే వేసుకుని, ఆరాకే కరెంటివ్వండి.

నాకొచ్చిన చిక్కేమిటంటే 2020 మేలో ఐపీఏ ఎక్కడా లేదు. ఉన్నదంతా శానిటైజర్లలోకి పోతోంది. సరే, శానిటైజర్‌లో ఉన్నదీ ఆల్కహాలే కదా అని జెల్ రాసి తుడిచా. పైన సబ్బు నురగ ఆరినట్టు ఓ పొర మిగిలింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన శానిటైజర్ సూత్రంలోనే చర్మం పగలకుండా 1.45 శాతం గ్లిజరాల్ ఉంటుంది, జెల్‌లో చిక్కదనానికీ సువాసనకీ ఇంకా ఏవేవో. చేతికి మంచిది, ప్రాసెసర్‌కి కాదు. సర్జికల్ స్పిరిట్ కొన్నప్పుడూ లేబుల్ చదవాలి, బ్రిటిష్ ఫార్ములా స్పిరిట్‌లో ఆముదం కలుస్తుంది. నెయిల్ పాలిష్ రిమూవర్‌లో అసిటోన్ ప్లాస్టిక్‌ని కరిగిస్తుంది. చివరికి మొబైల్ రిపేర్ చేసే తెలిసినాయన ఇంటికెళ్తే గేటు దగ్గరే నిలబెట్టి, ఓ సిరంజిలో 5 ఎంఎల్ ఐపీఏ పట్టి ఇచ్చాడు. అదే చాలా ఎక్కువ.

ముందు పొడి టిష్యూతో వచ్చినంత పేస్టు తీసేశా. తర్వాత రెండు చుక్కలు వేసిన గుడ్డతో అంచుల నుంచి మధ్యకి, గుడ్డ మడత మార్చుకుంటూ నాలుగైదు సార్లు. మూల గట్టిపడ్డ చోట పాత ప్లాస్టిక్ కార్డు అంచు, బ్లేడు కాదు. దూది మాత్రం వాడలేదు. ఏనుమాముల మార్కెట్ ఉన్న ఊళ్ళో పత్తిని తక్కువ చెయ్యడం పాపమే గానీ, దూది నూగు మిగిలితే మళ్ళీ మధ్యలో అడ్డమే. కళ్ళద్దాలు తుడిచే గుడ్డ బాగా పనికొచ్చింది. అమెరికా ఆయన కాఫీ ఫిల్టర్ అన్నది ఇందుకేనట, ఆ కాగితానికి నూగు ఉండదు.

ఇక పిన్నులు. వాటిని సరిచేసింది నేను కాదు, చిన్నబాపు. భూతద్దం స్టాండుకి తగిలించి, సీసం తీసేసిన 0.5 మైక్రోటిప్ పెన్సిల్ మొనని ఒక్కో పిన్నుకి తొడిగి, వెంట్రుకవాసి చొప్పున లేపాడు. "ఒక్కపారే గుంజితే ఇరుగుతది. జరంత, మళ్ళ జరంత" అంటూ దాదాపు రెండు గంటలు. నేను ఊపిరి బిగబట్టి టార్చి పట్టుకున్నా. ఆయన పెట్రోలు సలహాకి నేను నవ్విన నవ్వు ఆ రెండు గంటలూ నా ముందే కూర్చుంది. ప్రాసెసర్ దాని బరువుతో అదే సాకెట్‌లోకి దిగింది. కొత్త పేస్టు దొరికే రోజులు కావు కాబట్టి ఆయన పాత డబ్బాలో తెల్ల హీట్‌సింక్ కాంపౌండ్‌నే, పైన తేలిన నూనె కలియబెట్టి, పెసరగింజంత పెట్టాం. బయోస్‌లో 47. ఆ మిషన్ మీదే నా ప్రొబేషన్ అయ్యింది.

పోయినేడాది ఒక మిత్రుడు గేమింగ్ లాప్‌టాప్ తెచ్చి తుడవమన్నాడు. వెనక మూత తీస్తే ప్రాసెసర్ మీద తెల్లగా కాదు, వెండిలా మెరుస్తోంది. పక్కనే కూర్చున్న చిన్నబాపు "పాదరసమారా?" అన్నాడు. కాదు, లిక్విడ్ మెటల్, గాలియం మిశ్రమం. 2020 నాటి ప్లేస్టేషన్ 5లో కూడా అలాంటిదే. వేడిని భేషుగ్గా మోస్తుంది, కరెంటుని కూడా మోస్తుంది. ఐపీఏకి కరగదు, గుడ్డతో తుడిస్తే చిన్న చిన్న గోళీలై దొర్లుతుంది, ఒక్క గోళీ పక్కనున్న కెపాసిటర్ల మధ్య పడితే బోర్డు పోయినట్టే. అల్యూమినియం తగిలితే దాన్ని తినేస్తుంది. నేను చూసినంత చూసి, స్క్రూలన్నీ మళ్ళీ బిగించి, సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్ళమన్నా.